కోడి గుడ్లు, కౌజు గుడ్లు ఇంట్లో పొదిగించడం ఎలా? ముందుగా ఆ మిషన్ మూత మీద నుంచి చెయ్యి తీయండి

కోడి గుడ్డుకు 21 రోజులు, కౌజు గుడ్డుకు 17 లేదా 18 రోజులు. ఆదివారం గుడ్లు పెడితే కోడిపిల్లలు మూడో ఆదివారానికి వస్తాయి. ఈ లెక్క అందరికీ తెలుసు. థర్మాకోల్ పెట్టెలో బల్బు పెట్టుకున్నవాళ్లయినా, వేలు పోసి ఆటోమేటిక్ మిషన్ (ఇంక్యుబేటర్) కొన్నవాళ్లయినా మొదటి 18 రోజులు ఏదోలా నెట్టుకొస్తారు. చివరి మూడు రోజుల్లోనే మొత్తం పాడు చేస్తారు. కాబట్టి తేలిక పనులు తొందరగా చెప్పేసి అసలు విషయానికి వస్తాను.

గుడ్లు

కిరాణా కొట్లో దొరికే తెల్ల గుడ్లు పనికిరావు. గుడ్ల కోసమే పెట్టలను పెంచే లేయర్ ఫారాల్లో పుంజులు ఉండవు, వాటిని ఎన్నాళ్లు పొదిగించినా పిల్ల రాదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు తిరిగే మందలోంచి తెచ్చుకోండి. కౌజులకైతే మూడు పెట్టలకు ఒక పోతు ఉండాలి. పొలం గట్ల మీద కనిపించే పూరేడు పిట్టల గుడ్లు మాత్రం ముట్టుకోవద్దు. అడవి పక్షుల గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

మంద ఎవరిదో తెలియని గుడ్లు సంతలో కొనకండి. 2024 ఫిబ్రవరిలో మా నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ సంగతి చాలామంది అప్పుడే మర్చిపోయారు. వనరాజా లాంటి సంకర రకాల గుడ్లు పొదిగిస్తే పిల్లలు వస్తాయి, కానీ తల్లి గుణం అలాగే రాదు. మా వైపు నాటు కోడికి, జాతి కోడికి మించింది లేదు.

గుడ్డు పెట్టిన వారం లోపే పొదిగించాలి. కడగకూడదు, పెంకు మీద ఉండే సన్నటి పూత పోతే క్రిములు లోపలికి పోతాయి. మొన కిందికి, లావు వైపు పైకి ఉంచాలి. ఫ్రిజ్ వద్దు. అలాగని ఎండాకాలంలో వంటగదిలో గిన్నెలో వదిలేయకూడదు. గది వేడి 28 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం కొద్దికొద్దిగా పెరగడం మొదలై, సరిపడా వేడి అందక మధ్యలో చస్తుంది. ఇసుకలో సగం పూడ్చిన మట్టికుండలో ఉంచి, ఆ ఇసుకను తడుపుతూ ఉండండి. కుండ లోపల మాత్రం నీళ్లు ఉండకూడదు.

పొదిగే పెట్ట ఉంటే

ఉంటే కోడి గుడ్లకు మిషన్ ఎందుకు? ఈ మాట అంటే మిషన్లు అమ్మేవాళ్లకు కోపం వస్తుంది. వేడి, తేమ, గుడ్లు తిప్పడం, చివర్లో పిల్లను పిలవడం, అన్నీ పెట్ట చూసుకుంటుంది. కరెంటు పోతే దానికి టెన్షన్ లేదు.

గూట్లోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటూ పొడుస్తుంటే పెట్ట పొదగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఒంటికి బూడిద పట్టించి పేలు వదిలించండి. గంపలో కింద ఇసుక, పైన వరిగడ్డి, కాస్త వేపాకు వేయండి. చీకటి పడ్డాకే దాన్ని కొత్త చోటికి మార్చాలి, పగలు మారిస్తే లేచి పాత గూటికే పోతుంది. నాటు పెట్టకు పది, పన్నెండు గుడ్లు చాలు. అన్నిటికీ పెన్సిల్‌తో గీత పెట్టండి, పక్క పెట్ట వచ్చి అందులో గుడ్డు పెట్టిపోతే తెలుస్తుంది. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని మా ఇళ్లలో పెద్దవాళ్లు గంపలో ఇనుప ముక్క వేస్తారు. దానివల్ల నష్టం ఏమీ లేదు, వేయనివ్వండి. పిల్లి, ముంగిస రాకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

కౌజులతో మాత్రం ఈ పని కాదు. పెంపకంలో తరాలు గడిచేసరికి అవి పొదగడం దాదాపు మర్చిపోయాయి. పది గ్రాముల గుడ్డును పెద్ద పెట్ట కింద పెడితే తొక్కి చిదిపేస్తుంది. కౌజులకు మిషనే గతి.

మిషన్

ఏ మిషన్ అయినా పర్వాలేదు. లోపల ఫ్యాన్ ఉండాలి, బల్బులు రెండు ఉండాలి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ఫ్యాన్ ఉంటే వేడి 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేకపోతే గుడ్ల పైభాగం దగ్గర కొలిచి 38.5 ఉంచాలి.

మిషన్ మీద కనిపించే అంకెను నమ్మకండి. జ్వరం చూసే థర్మామీటర్ గుడ్ల మధ్య పెట్టి సరిచూడండి. తేమ మీటర్‌ను కూడా పరీక్షించవచ్చు. మూత గట్టిగా పట్టే డబ్బాలో చెమ్మగా తడిపిన ఉప్పు చిన్న మూతలో పోసి, పక్కన మీటర్ పెట్టి, ఒక రాత్రి ఉంచితే 75 శాతం చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ ఏడు తక్కువ చెబుతోందని అర్థం. ఈ చిన్న పని చేయకుండానే పిల్లలు రాలేదని గుడ్లు ఇచ్చినవాడిని తిట్టేవాళ్లు ఎక్కువ.

మిషన్ ఎక్కడ పెడతారన్నది మన జిల్లాల్లో పెద్ద విషయం. రేకుల షెడ్డులో పెట్టకండి. రోహిణి కార్తెలో రేకుల కింద గది వేడే 40 దాటుతుంది, అప్పుడు బల్బు ఆరిపోయినా పెట్టె చల్లబడదు. ఇంక్యుబేటర్‌కు వేడి చేయడం వచ్చు, చల్లబరచడం రాదు. గుడ్డు చలికి కొన్ని గంటలు ఓర్చుకుంటుంది, ఎక్కువ వేడికి ఓర్చుకోదు. కరెంటు రెండు గంటలు పోతే పెట్టెకు దుప్పటి కప్పితే చాలు. వేడి 40 దాటి అన్ని గంటలు నిలబడితే మాత్రం పిండాలు చావడం మొదలవుతుంది. మే నెలలో నేనైతే అసలు మిషన్ ఆన్ చేయను. మీరూ చేయకండి.

రోజుకు మూడుసార్లో ఐదుసార్లో గుడ్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా కదలకుండా ఉండే వైపు రోజూ మారుతుంది. ఏడో రోజు చీకట్లో టార్చ్ పెట్టి చూసి, నరాలు కనిపించని గుడ్లు తీసేయండి. కౌజు గుడ్డు పెంకు మీద మచ్చలు ఉంటాయి, లోపల ఏముందో సరిగా తెలియదు. ఆ గుడ్లను తీయకుండా అలాగే ఉండనివ్వండి.

తేమ

మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం అని అన్నిచోట్లా రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని అందరూ మిషన్ లోపలి గిన్నెల్లో నీళ్లు పోసేస్తారు. గుడ్డు పొదిగే రోజుల్లో తన బరువులో 12, 13 శాతం నీటిని వదిలేయాలి. అప్పుడే లావు వైపు గాలి గది పెద్దదవుతుంది, పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది ఆ గదిలోనే. తేమ ఎక్కువైతే గాలి గది చిన్నగా ఉండిపోయి, నిండుగా పెరిగిన పిల్ల తిరిగే చోటు లేక లోపలే చస్తుంది.

అల్లూరు, కృష్ణపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు కార్తీక మాసం వానల్లో 18 రోజుల వరకు నీళ్లే అక్కర్లేకపోవచ్చు. కనిగిరి, ఉదయగిరి లాంటి మెట్ట ఊళ్లలో గాలి ఆరినప్పుడు రోజూ పోయాల్సి వస్తుంది. ఇద్దరూ ఒకే వీడియో చూసి ఒకే లెక్కన నీళ్లు పోస్తే ఎలా కుదురుతుంది? వంటింటి కాటా మీద పది గుడ్లు కలిపి తూచండి. మొదటి రోజు 500 గ్రాములు ఉంటే 18వ రోజుకు 435, 440 దగ్గరికి రావాలి. అంతకంటే బరువుగా ఉంటే నీళ్లు తగ్గించాలి, తేలికైపోతుంటే పెంచాలి.

అసలు విషయం: చివరి మూడు రోజులు

ఆదివారం పెట్టిన కోడి గుడ్లకు మూడో గురువారం 18వ రోజు. ఆ రోజు తిప్పడం ఆపేయండి. కౌజు గుడ్లకు 14, 15 రోజుల దగ్గరే ఆపాలి. ట్రే మీద గరుకు గుడ్డ పరచండి, నున్నటి చోట పుట్టిన పిల్లకు కాళ్లు రెండు పక్కలకు జారి అలాగే ఉండిపోతాయి. కోడి గుడ్లు, కౌజు గుడ్లు ఒకే పెట్టెలో ఉంటే ఇప్పుడు వేరు చేయాలి, లేకపోతే కోడిపిల్లలు కౌజు పిల్లలను తొక్కేస్తాయి. నీళ్లు నిండా పోసి తేమ 65 నుంచి 70 శాతానికి తెచ్చి మూత పెట్టండి. నీళ్లు తగ్గితే పోయడానికి బయటి నుంచి ఒక సన్నటి ట్యూబ్ ఇప్పుడే పెట్టుకోండి, తర్వాత కుదరదు.

ఇక మూత తీయకూడదు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తీయబుద్ధి కాదు. పిల్ల ముందు లోపలి పొర చించి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. అప్పుడే ఊపిరితిత్తులు పనిచేయడం మొదలవుతుంది, చెవి పెడితే సన్నగా కూత వినిపిస్తుంది. తర్వాత పెంకుకు చిన్న కన్నం పొడుస్తుంది. ఆపైన ఏ చప్పుడూ లేకుండా 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు ఆగిపోతుంది. చూసేవాళ్లకు చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. నిజానికి ఆ టైంలో పొరలో ఉన్న నెత్తురు పిల్ల ఒంట్లోకి వెళ్తుంది, మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరుతుంది. ఆ పని పూర్తయ్యాకే చుట్టూ పెంకు కోసుకుంటూ తిరిగి బయటికొస్తుంది.

సరిగ్గా ఆ ఆగిన గంటల్లోనే ఇంట్లోవాళ్లకు ఓపిక పోతుంది. "అన్నా, ఒక్కసారి తీసి చూస్తే ఏమవుద్ది?" అని అడుగుతారు. ఏమవుతుందంటే, మూత తీసిన క్షణంలో లోపలి తేమ బయటికి పోతుంది, మళ్లీ 65కు రావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోపు కన్నం పడిన గుడ్డులో పొర ఎండిపోయి, తోలులా గట్టిపడి, పిల్ల ఒంటికి అతుక్కుంటుంది. పిల్ల ఇక తిరగలేదు. మీరు చూసింది ఒక గుడ్డు, పాడు చేసింది నాలుగు గుడ్లు.

ఇక పెంకు గిల్లి సాయం చేసేవాళ్లు. పొరలో నెత్తురు ఇంకా ఉండగా గిల్లితే పిల్ల నెత్తురు కారి చస్తుంది, లేదా పచ్చసొన బయటికి వేలాడుతూ పుడుతుంది. వీడియోల్లో సాయం చేసి బతికించిన పిల్లనే చూపిస్తారు, చచ్చినవాటిని ఎవరూ పెట్టరు. కన్నం పడి 24 గంటలు పూర్తిగా గడిచాక, మిగతావన్నీ వచ్చేసి ఇదొక్కటే మిగిలితే అప్పుడు ఆలోచించవచ్చు. నేను అప్పుడు కూడా చెయ్యి పెట్టను. సొంతంగా రాలేని పిల్ల చాలాసార్లు తర్వాత కూడా నిలబడదు.

ముందు పుట్టిన పిల్లలు ఆకలితో అరుస్తున్నాయని మూత తీసేవాళ్లు ఇంకో రకం. అది ఆకలి కాదు. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి 24 గంటలు, అవసరమైతే 48 గంటలు కూడా మేత, నీళ్లు లేకుండా ఉంటాయి. ఆ అరుపులు, ఆ కదలిక పక్క గుడ్లలోని పిల్లలను కూడా తొందరపెడతాయి. తడి ఆరి ఈకలు పొంగేదాకా అక్కడే ఉండనివ్వండి. చూడాలనిపిస్తే గాజు కిటికీ ఉన్న మిషన్ కొనుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లల చేతికి మాత్రం ఆ మిషన్ ఇవ్వకండి.

పిల్లలు వచ్చాక

కోడిపిల్లలను పొదుగు మీదున్న పెట్ట కిందికి రాత్రిపూట తోసేయండి, తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పెట్ట లేకపోతే బల్బు కింద మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల లెక్కన తగ్గించాలి. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే టీకా చుక్కలు వేయించండి, పశువుల ఆసుపత్రిలో అడగండి. కౌజు పిల్లలు బొటనవేలంత ఉంటాయి, నీళ్ల పళ్లెంలో పడి చస్తాయి. పళ్లెంలో గులకరాళ్లు వేసి వాటి మధ్య నీళ్లు పోయాలి. కోడిపిల్లల మేత వాటికి చాలదు, మాంసకృత్తులు ఎక్కువున్న బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ మేతను మెత్తగా దంచి పెట్టండి.

23వ రోజు దాటినా పగలని గుడ్లను ఊరికే పారేయకండి. ఇంటికి దూరంగా తీసుకెళ్లి పగలగొట్టి చూడండి, వాసన వస్తుంది. ఏడో రోజు తీసేయకుండా వదిలినవాటిలో పచ్చసొన తేటగా ఉంటే పుంజు తగలని గుడ్డు. నెత్తుటి గీత ఉంటే మొదటి వారంలో వేడి తేడా వచ్చింది, లేదా గుడ్డు నిల్వలో పాడైంది. పిల్ల నిండుగా పెరిగి, ఒళ్లంతా నీరు పట్టి, గాలి గది చిన్నగా ఉంటే నీళ్లు ఎక్కువ పోశారు. కన్నం పొడిచి, పొర ఎండి అతుక్కుని చచ్చి ఉంటే మాత్రం, ఆ మూత ఎవరు తీశారో ఇంట్లోనే అడగండి.