సరిహద్దు కాలేజీల లైబ్రేరియన్లు కలిసి ఉమ్మడి కేటలాగ్ తయారుచేసుకోవడం ఎలా?

ఆంధ్రలోని నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే రైలు టెక్కలి, పాతపట్నం దాటాక ఒడిశాలోకి ప్రవేశించి పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా సాగుతుంది. ఈ దారి పొడవునా కాలేజీల్లో తెలుగు, ఒడియా, ఇక్కడి గిరిజన భాష సవర మాట్లాడే పిల్లలు పక్కపక్కనే కూర్చుని చదువుకుంటారు. లైబ్రేరియన్ మాత్రం చాలా కాలేజీల్లో ఒక్కరే. కేటలాగింగ్‌లో సందేహం వస్తే అడగడానికి పక్క సీట్లో ఇంకో మనిషి ఉండరు. అందుకే ఇక్కడి లైబ్రేరియన్లు ఒకరికొకరు తోడవ్వాలి.

సంఘం పెట్టి, కార్యవర్గాన్ని ఎన్నుకుని మొదలుపెడితే రెండో సమావేశానికే ఊపు తగ్గిపోతుంది. దానికి బదులు అందరికీ పనికొచ్చే ఒక్క పని ఎత్తుకోండి. అన్ని కాలేజీల పుస్తకాలనూ ఒకే జాబితాలో చూపే ఉమ్మడి కేటలాగ్ అలాంటిది. అది చేస్తున్నప్పుడు వచ్చే చిక్కులే అసలైన శిక్షణ.

ముందు మనుషులు, తేదీలు

నాలుగు నుంచి ఆరు కాలేజీలు చాలు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరంలో ఉన్నవే తీసుకోండి. నెలకోసారి, శనివారం మూడు గంటలు కూర్చోండి. ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. అందులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఆ రోజు ఆన్ డ్యూటీగా లెక్కిస్తారని, కేటలాగ్ వివరాలు బయటి కాలేజీలకు ఇవ్వవచ్చని, మీరు లేనప్పుడు లైబ్రరీ ఎవరు తెరుస్తారన్నది. నోటిమాటగా ఇచ్చిన అనుమతి ప్రిన్సిపాల్ మారగానే పోతుంది.

ఏడాది తేదీలన్నీ ఒకేసారి ఖరారు చేసుకోండి. ఒడిశా వైపు జూన్‌లో రజ పండుగ, ఆ తర్వాత రథయాత్ర. ఆంధ్ర వైపు సంక్రాంతి సెలవులు. రెండు వైపుల సెమిస్టర్ పరీక్షల తేదీలు కూడా పక్కన పెట్టుకుని చూడకపోతే ప్రతిసారీ సగం మంది రారు.

పది పుస్తకాలతో ప్రయత్నం

మొదటి సమావేశానికి ఒక్కొక్కరు పది పుస్తకాల వివరాలు తెండి. తెలుగువి నాలుగు, ఒడియావి నాలుగు, మిగతావి మీ ఇష్టం. షీట్‌లో ఈ గడులు పెట్టండి: కాలేజీ పేరు, యాక్సెషన్ నంబరు (లైబ్రరీలో పుస్తకానికి ఇచ్చే క్రమసంఖ్య), రచయిత పేరు సొంత లిపిలో, అదే రోమన్ లిపిలో, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, భాష కోడ్, వర్గీకరణ సంఖ్య, ఐఎస్‌బీఎన్.

ఎక్సెల్‌లో ఎక్కించే ముందు యాక్సెషన్ నంబరు, ఐఎస్‌బీఎన్ గడులను ‘టెక్స్ట్’ ఫార్మాట్‌లోకి మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 13 అంకెల ఐఎస్‌బీఎన్ 9.78ఈ+12 అయిపోతుంది. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు జాబితాలు, ఆకృతి ఫాంట్లలో ఉన్న ఒడియా జాబితాలు యూనికోడ్ కావు. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఒక్కొక్కటీ చూసుకోవాలి. తెలుగు జాబితాను తెలుగు చదివేవారు, ఒడియా జాబితాను ఒడియా చదివేవారు సరిచూడాలి.

పేర్లు, భాషలు: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

తెలుగువారికి ఇంటిపేరు ముందు, ఒడియావారికి చివర. అందుకే సరిహద్దులో రికార్డులు తలకిందులవుతాయి. ఫకీర్ మోహన్ సేనాపతి ‘సేనాపతి, ఫకీర్ మోహన్’గా వెళ్లడం సరైనదే. అదే అలవాటులో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి సవర నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తిని ‘రామమూర్తి, గిడుగు’ అని ఎక్కిస్తే ఆయన పుస్తకాలు రెండు చోట్లకు చీలిపోతాయి. సరైన రూపం ‘గిడుగు, రామమూర్తి’. పంతులు, వెంకట రామమూర్తి, జి.వి. వంటి రూపాలన్నీ అథారిటీ రికార్డులో (రచయిత పేరుకు ఖాయం చేసిన రూపాన్ని నమోదుచేసే రికార్డు), వేరే రూపాల కోసం ఉన్న 400 ఫీల్డులో పెట్టండి. ఏ రూపంతో వెతికినా పాఠకుడు ఒకే చోటికి చేరతాడు.

భాష కోడ్ తెలుగుకు టీఈఎల్, ఒడియాకు ఓఆర్ఐ. సవరతోనే చిక్కు. కంప్యూటర్ కేటలాగ్ రికార్డుల ప్రామాణిక రూపమైన మార్క్ జాబితాలో దానికి విడి కోడ్ లేదు, సవర చేరే ముండా కుటుంబంలో విడి కోడ్ లేని భాషలకు కలిపి ఎంయూఎన్ వాడాలి. విడిగా చూపాలంటే 041 భాషా ఫీల్డులో రెండో ఇండికేటర్ (ఫీల్డు మొదట్లో వచ్చే సూచిక అంకె) 7 పెట్టి, ఐఎస్ఓ 639-3 కోడ్ ఎస్ఆర్‌బీ ఇచ్చి, సబ్‌ఫీల్డ్ 2లో ఆ మూలం పేరు రాయండి. ఈ కోడ్‌ను మార్క్ భాష కోడ్ ఉండే 008 ఫీల్డులో మాత్రం వేయకండి.

పైగా సవరను ఆంధ్రలో తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో రాస్తారు, రోమన్‌లోనూ ఉంది, 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సోరాంగ్ సొంపెంగ్ లిపి వేరే. ఏ లిపిలో ఉందో 546 ఫీల్డులో తప్పనిసరిగా రాయండి. సొంపెంగ్ అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే డేటా పోయిందని చెరిపేయకండి, ముందు నోటో ఫాంట్ వేసి చూడండి. ఈ రికార్డులు శ్రద్ధగా చేసే చోటు ఈ ప్రాంతం కాకపోతే మరెక్కడా లేదు.

కోహాలోకి ఎక్కించడం

లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా ఉన్న ఒక కాలేజీ రికార్డులు నిలవచేసే బాధ్యత తీసుకోవాలి. షీట్‌ను మార్క్ రూపంలోకి మార్చాక, ఆ ఫైలును యూటీఎఫ్-8గా స్టేజ్ చేసి (తాత్కాలికంగా చేర్చి), 50 రికార్డులు ఎక్కించి చూసి, తేడా ఉంటే ఇంపోర్ట్ రద్దు చేయండి. ఐఎస్‌బీఎన్ మీదే జత కలిపితే అది లేని 1970కి ముందు పుస్తకాలు నకళ్లుగా పేరుకుంటాయి. వాటికి రచయిత, పుస్తకం పేరుతో జత చూసే నియమం వేరే పెట్టండి. తెలుగు పదం వెతికితే ఫలితాలు సరిగా రాకపోతే కోహాలో వెతుకులాటకు వాడే జీబ్రా ఇండెక్సింగ్, యూనికోడ్ లిపులకు పనికొచ్చే ‘ఐసీయూ’ పద్ధతికి అమర్చి ఉందో లేదో చూడండి.

నేర్చుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం

ప్రతి సమావేశంలో ఒక గంట ఒకరు ఒక నైపుణ్యం నేర్పాలి: కోహా రిపోర్టు రాయడం, రిఫరెన్సులు అమర్చే సాఫ్ట్‌వేర్ జొటెరో, పరిశోధన పత్రికలు అందించే జాతీయ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’లో పత్రికలు వెతకడం. నేర్పింది ఒక పేజీలో రాసి పంచండి. ఈ సమావేశాలు పదోన్నతికి రిఫ్రెషర్ కోర్సుల కింద లెక్కకు రావు. ఆ కోర్సులకు అధ్యాపక శిక్షణ ఇచ్చే మాలవీయ మిషన్ కేంద్రాలకు విడిగా దరఖాస్తు చేసుకోండి.

పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు అరువు కాలేజీ పేరున రాయండి, విద్యార్థి పేరున కాదు. పుస్తకం పోతే ఎవరు కట్టాలో ముందే తేలిపోతుంది. 30 రోజుల గడువు, ఒక పొడిగింపు సరిపోతాయి. కాలేజీలకు ఈ-పుస్తకాలు, ఈ-పత్రికలు అందించే ఎన్-లిస్ట్ పాస్‌వర్డులు మాత్రం స్నేహానికి కూడా పంచకండి. ఆ లైసెన్సు మీ కాలేజీ వారికే, దుర్వినియోగం కనిపిస్తే మీ పిల్లలకే దారి మూసుకుపోవచ్చు. ఎవరికైనా బదిలీ అయితే షీట్, కోహా లాగిన్ వివరాలు, అరువు రిజిస్టరు రిలీవ్ అయ్యే ముందే సంతకంతో అప్పగించాలి.