న్యూ కాలెడోనియా స్వాతంత్ర్యంపై తరగతిలో చర్చ నడపడం ఎలా?

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల డిగ్రీ విద్యార్థులతో, పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న న్యూ కాలెడోనియా ద్వీపంపై చర్చ పెట్టదలచిన అధ్యాపకులు "స్వాతంత్ర్యం కావాలా, వద్దా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. మొదటిసారి నేను ఆ పొరపాటే చేశాను. పావుగంట తిరగకముందే ఆ ద్వీపం పక్కకు పోయి, గదంతా తెలంగాణ ఉద్యమ జ్ఞాపకాలతో నిండిపోయింది. ముందుగా అడగవలసింది "ఓటు ఎవరిది" అని.

చరిత్రకు పది నిమిషాలు చాలు. 1853లో ఫ్రాన్స్ ఆ ద్వీపాన్ని ఆక్రమించుకుని, 1864 నుంచి ఖైదీలను పంపి, మూలవాసులైన కనక్ ప్రజలను వారి భూముల నుంచి రిజర్వులలోకి నెట్టింది. తరువాత నికెల్ గనులు మరెందరినో రప్పించాయి. 2019 జనగణనలో తాము కనక్‌లమని చెప్పుకున్నవారు సుమారు 41 శాతమే. చర్చకు కీలకం ఈ అంకె.

ఇప్పుడు బోర్డు మీద 43.3, 46.7, 3.5 అని మాత్రమే రాయండి. ఇవి 2018, 2020, 2021 రిఫరెండాలలో స్వాతంత్ర్యానికి పడిన ఓట్ల శాతాలు. మూడోది ఎందుకు కుప్పకూలిందో విద్యార్థులనే ఊహించనిచ్చి, ఆ తరువాతే ప్రతి అంకె కింద పోలింగ్ శాతాన్ని చేర్చండి: 81, 85.7, 43.9. కోవిడ్ మృతుల సంతాపకాలం దృష్ట్యా పోలింగును వాయిదా వేయాలని కనక్ పార్టీలు కోరగా పారిస్ ఒప్పుకోలేదు, వారు బహిష్కరించారు. ఆ ఫలితం చట్టబద్ధమే కావచ్చు గాని, దానితో వివాదం తీరిందనడం నా దృష్టిలో పొరపాటు.

స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల ప్రస్తావన ఎలాగూ వస్తుంది, రానివ్వండి. 1952 ముల్కీ ఆందోళన మొదలైంది వరంగల్‌లోనే కదా. "స్థానికుడెవరు" అన్నంతవరకే ఆ పోలిక నిలుస్తుంది. మనది ఒకే దేశంలో ఉద్యోగాల, రాష్ట్రాల పేచీ. వారిది వలస పాలకుడితో పేచీ. అక్కడ ప్రాంతీయ ఎన్నికల ఓటర్ల జాబితాలో పదేళ్లుగా నివసిస్తున్నవారిని చేర్చే ప్రతిపాదనపైనే 2024 మేలో అల్లర్లు చెలరేగి పదిమందికి పైగా చనిపోయారు.

అస్తిత్వాన్ని నినాదంగా కాక వస్తువుగా చూపించండి. కనక్ పెళ్లిళ్లలో, చావు కార్యాలలో ఇచ్చిపుచ్చుకునేది పెండలం; వారి పంచాంగం కూడా ఆ పంట చుట్టూనే తిరుగుతుంది. బజారులో దొరికితే ఒక దుంప తెచ్చి బల్ల మీద పెట్టండి.

చివర ఓటింగును రెండుసార్లు జరపండి: మొదట అందరితో, తరువాత తల్లిదండ్రులిద్దరూ ఈ జిల్లాలోనే పుట్టినవారితో మాత్రమే. మా తరగతిలో రెండో విడతకు హాస్టల్ విద్యార్థులంతా గోడవారకు జరిగారు. ఒకమ్మాయి మాత్రం మధ్యలోనే ఆగి, "మా నాన్న రైల్వే ఉద్యోగానికని విజయవాడ నుంచి కాజీపేటకు వచ్చిండు సార్, నేను ఇక్కడనే పుట్టిన, నేనెటు నిలబడాలె?" అని అడిగింది. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.