స్టీల్‌కు డ్రిల్ వేసేటప్పుడు చిప్స్‌తో గాయాలు కాకుండా పని చేయడం ఎలా?

క్యాస్ట్ ఐరన్‌ను కోస్తే చిప్స్ (కోతలో లేచే లోహపు తునకలు) పొడిపొడిగా రాలతాయి. మైల్డ్ స్టీల్ అలా కాదు. దానికి సాగే గుణం ఎక్కువ కాబట్టి చిప్ తెగకుండా, చుట్టలు చుట్టుకుంటూ పొడవాటి రిబ్బన్‌లా పైకి వస్తుంది. అంచు బ్లేడులా కోస్తుంది, తగిలితే చర్మం కాలుతుంది, పైగా బిట్‌తోపాటు గిర్రున తిరుగుతుంది. చిప్‌ను ఎలా తీయాలన్నది తర్వాతి సంగతి. ముందు అది పొడవుగా రాకుండా చూసుకోవాలి.

12 మి.మీ. మందం ఉన్న ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ప్లేటుకు పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్ మీద హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌తో 10 మి.మీ. రంధ్రం వేయాలనుకుందాం.

మెషిన్ ఆన్ చేసే ముందు

పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోండి. మామూలు కళ్లజోడు చాలదు, చిప్ పక్క నుంచి కూడా ఎగిరి వస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లో 35వ సెక్షన్ కంటి రక్షణ గురించే ఉండేది. గాగుల్స్ యాజమాన్యమే ఇవ్వాలి, అడగడానికి మొహమాటపడొద్దు.

చేతి గ్లవ్స్ తీసేయండి. చేతికి రక్షణేగా అని చాలామంది తొడుక్కుంటారు. కానీ తిరుగుతున్న బిట్‌కో రిబ్బన్‌కో గ్లవ్ కొస చిక్కుకుంటే వేలితో ఆగదు, చెయ్యి మొత్తాన్ని లాగేస్తుంది. పొడవు చేతుల చొక్కా మడవడం కన్నా పొట్టి చేతులది వేసుకోవడం మేలు. ఉంగరం, గడియారం, చేతి దారాలు తీసేయాలి. జుట్టు, చున్నీ గట్టిగా కట్టుకోవాలి.

ప్లేటును వైస్‌లోనో, క్లాంపులతో టేబుల్‌కో బిగించండి. చేత్తో పట్టుకుని డ్రిల్ చేయకూడదు. బిట్ అవతలి వైపు బయటపడే క్షణంలో పట్టేసి ప్లేటునే తిప్పేస్తుంది. చక్‌ను (బిట్‌ను పట్టి ఉంచే భాగాన్ని) బిగించే కీ తీశారో లేదో చూసి స్విచ్ వేయండి.

వేగం, ఫీడ్

మైల్డ్ స్టీల్‌కు హెచ్‌ఎస్‌ఎస్ బిట్‌తో కటింగ్ స్పీడ్ (బిట్ అంచు లోహం మీద కదిలే వేగం) నిమిషానికి సుమారు 25 మీటర్లు. 1000ని 25తో గుణించి, 3.14తోనూ మి.మీ.లలో బిట్ వ్యాసంతోనూ భాగిస్తే ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) వస్తుంది. 10 మి.మీ. బిట్‌కు దాదాపు 800, 6 మి.మీ. బిట్‌కు దాదాపు 1300. మెషిన్‌లో సరిగ్గా ఆ వేగం లేకపోతే దాని కింది గేరు లేదా పుల్లీ ఎంచుకోండి.

నెమ్మదిగా నొక్కితే ప్రమాదం తక్కువనుకోవడం పొరపాటు. ఫీడ్ (బిట్ ఒక్కో చుట్టుకు ఎంత లోపలికి దిగుతుందో అది) తగ్గితే చిప్ పల్చనై, తెగకుండా సాగుతూనే ఉంటుంది. బిట్ కోయడం మానేసి రాసుకుంటుంది, వేడెక్కి మొద్దుబారుతుంది. 10 మి.మీ. బిట్‌కు చుట్టుకు 0.15 నుంచి 0.2 మి.మీ. ఫీడ్ ఉంటే చిప్ మందంగా వచ్చి తేలిగ్గా విరుగుతుంది. అయినా రిబ్బన్ సాగుతుంటే హ్యాండిల్‌ను ఒక్క క్షణం వెనక్కి వదిలి మళ్లీ నొక్కండి. అక్కడికి చిప్ తెగిపోతుంది. ఈ ప్లేటుకు రెండు మూడుసార్లు అలా వదిలితే చాలు. రంధ్రం లోతు వ్యాసానికి మూడు రెట్లు దాటితే మాత్రం బిట్‌ను మొత్తం బయటికి తీసి గాడులు ఖాళీ చేయాలి. చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఫీడ్ తగ్గించండి.

చిప్‌ను గమనిస్తుంటే బిట్ పరిస్థితి తెలిసిపోతుంది. రెండు గాడుల్లోంచీ సమానంగా రావాలి. ఒక్కదాంట్లోంచే వస్తుంటే బిట్ రెండు అంచులూ సమానంగా సాన పట్టలేదన్నమాట, రంధ్రం కూడా పెద్దదవుతుంది. చిప్ నీలం రంగుకు తిరిగినా, పొగ వచ్చినా వేగం తగ్గించి కూలెంట్ పెంచండి. కార్బైడ్ టూల్‌తో నీలం చిప్స్ రావడం మామూలే, ఈ గుర్తు హెచ్‌ఎస్‌ఎస్‌కే.

లేత్ (పని ముక్కను చక్‌లో బిగించి తిప్పుతూ కోసే మెషిన్) మీదా ఇదే సూత్రం. చిప్ బ్రేకర్ (చిప్‌ను విరిచే గాడి) ఉన్న ఇన్సర్ట్ (టూల్ కొసకు బిగించే కోత ముక్క) వేసినా కోత లోతు, ఫీడ్ మరీ తక్కువైతే అది పని చేయదు, రిబ్బన్ వెళ్లి చక్‌కు చుట్టుకుంటుంది. అప్పుడు చెయ్యి పెట్టకండి. ఫీడ్ ఆపి, మెషిన్ ఆపి, చక్ పూర్తిగా నిలిచాకే తీయండి.

చిప్స్ తీయడం

పొడవాటి వాటికి కొక్కెం, పొట్టివాటికి బ్రష్. 6 మి.మీ. రాడ్‌ను 40 సెం.మీ. కోసి కొస వంచితే కొక్కెం తయారు. పిడి దగ్గర గుండ్రటి రేకు అడ్డు పెట్టండి. పిడికి వేలు దూర్చే రింగు మాత్రం పెట్టొద్దు. కొక్కెం చిక్కుకుపోయినప్పుడు చేతిలోంచి జారిపోవాలి, వేలిని పట్టుకుని లాగకూడదు.

కంప్రెసర్ గాలితో ఊదకండి. చిప్స్ పక్కవాడి కళ్లలోకి ఎగురుతాయి, మెషిన్ స్లైడ్‌లలోకీ దూరతాయి. బనియన్ వేస్ట్‌తో (తుడవడానికి వాడే పాత గుడ్డ ముక్కలతో) తుడిస్తే సన్నటి ముక్కలు గుడ్డలో ఇరుక్కుని, తర్వాత చేతులు తుడుచుకున్నప్పుడు గుచ్చుకుంటాయి. సన్న రజను కోసం అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి తిప్పండి. కవరును లోపలి వైపు బయటికి తిప్పుతూ లాగేస్తే రజనంతా అందులోనే ఉంటుంది.

తుక్కు డబ్బాలో వేసేటప్పుడు, మోసేటప్పుడు, అంటే మెషిన్ ఆగాక, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. నూనె, తేమ ఉన్న సన్న చిప్స్‌ను పెద్ద గుట్టగా ఉంచితే తుప్పు పడుతూ వాటంతటవే వేడెక్కుతాయి. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఎప్పటికప్పుడు ఖాళీ చేయండి. రంపపు పొట్టు, కాగితాలు అందులో కలపకండి.

కంట్లో పడితే

నలపకండి. శుభ్రమైన నీటి ధారతో కడగండి. ముక్క గుచ్చుకుని ఉంటే గుడ్డతో, అయస్కాంతంతో తీయబోకుండా, కంటి మీద ఒత్తిడి పడకుండా కప్పి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇనుప ముక్క కంట్లో కొద్ది గంటల్లోనే తుప్పు మరక వదలడం మొదలుపెడుతుంది. స్టీల్ పనిలో పడిందని డాక్టరుకు తప్పక చెప్పండి. కంటి లోపల ఇనుము ఉండే అవకాశం ఉంటే ఎమ్మారై స్కాన్ తీయకూడదు, ఆ అయస్కాంత శక్తికి ముక్క కదిలి చూపే పోవచ్చు.