వాగు నీటి పాఠాలు – 4: చిల్లచెట్టు తాగే నీటిని చెలమలో కొలవడం

కిందటి పాఠంలో వాగు వెంట నడిచి, ఏ గట్టున ఏ చెట్టు ఉందో పటం గీసుకున్నాం. పాలేరు వాగైనా మన్నేరు వాగైనా ఆ పటం నిండా చిల్లచెట్టే, అదే సర్కారు తుమ్మే, కనబడి ఉంటుంది. ఇప్పుడు తేల్చాల్సింది, ఆ కంప వాగు నీరు తాగుతోందా, వాన తడి మీదే బతుకుతోందా అని. ఇది తేలకుండా, కంప కొడితే నీరు మిగులుతుందని గొడ్డలి పట్టొద్దు.

ఫిబ్రవరి, మార్చిలో, పారకం ఆగి ఇసుక కింద నీరున్నప్పుడు, కంప దట్టంగా ఉన్న గట్టు పక్కన చెలమ తీయండి. నీరు తగిలాక ఇంకో మూరెడు తవ్వి, కంతలు పెట్టిన పీవీసీ పైపు నిలబెట్టి చుట్టూ ఇసుక పూడ్చండి. పైపుకు మూత తప్పనిసరి. లేకపోతే ఎండకు ఆవిరయ్యే నీరూ చెట్టు లెక్కలో పడుతుంది. దగ్గర్లో మోటారు ఆడుతుంటే ఆ చోటు వదిలేయండి, అక్కడ ఏ లెక్కా నిలవదు.

మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి బద్దకు సుద్ద పూసి, అడుగు తగిలేదాకా దించండి. తడిసిన మేర సుద్ద రంగు మారుతుంది, నీటి మట్టం దగ్గర ఆగిపోతుంది. సాయంత్రం ఆరింటికి 310 మి.మీ. తడిసిన బద్ద తెల్లవారుజామున 322 చూపించిందనుకోండి. వాన లేదు, పై నుంచి పారకమూ లేదు. మరి నీరు ఎందుకు పెరిగింది?

పగలు ఆకులు ఎండలో నీటిని వదులుతుంటే వేర్లు లాగుతూనే ఉంటాయి, మట్టం సాయంత్రం దాకా దిగుతుంది. రాత్రి ఆకుల రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడు చుట్టుపక్కల ఇసుకలోంచి నీరు ఊరి ఆ లోటు పూడుతుంది. కాగితం మీద గీస్తే రంపపు పళ్లలా వస్తుంది. పగలూ రాత్రీ ఒకే వాలున దిగుతుంటే మాత్రం వేళ్లు ఆ నీటిని అందుకోవడం లేదన్నమాట. ఈ తేడా నుంచి చెట్లు తాగే నీటిని లెక్కగట్టే పద్ధతిని అమెరికాలోని యూటాలో పనిచేసిన డబ్ల్యూ. ఎన్. వైట్ 1932లో ప్రకటించాడు. ఇప్పటికీ వాడుతున్నారు.

లెక్క ఇది. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా మట్టం 4 మి.మీ. పెరిగితే గంటకు 1 మి.మీ., రోజుకు 24. మర్నాటి అర్ధరాత్రికి మట్టం నిన్నటికన్నా 1 మి.మీ. తగ్గి ఉంటే అది కలపండి, 25. పెరిగి ఉంటే తీసేయాలి. ముతక ఇసుకలో నీరు వదిలే ఖాళీ సుమారు అయిదో వంతు, కాబట్టి అసలు నీరు 5 మి.మీ. ఎకరం మీద 1 మి.మీ. అంటే సుమారు 4,000 లీటర్లు. రోజుకు 20,000 లీటర్లు!

కంప తీస్తే అదంతా మిగులుతుందనుకోకండి. ఆ చోట మొలిచే గడ్డీ తాగుతుంది, కాకపోతే దాని వేరు అంత లోతు పోదు. మిగిలిన నీటిని ఎగువన కొత్త బోరు లాగేసినా పడిన కష్టం వృథాయే. ఊళ్లో ఆ మాట ముందే తేల్చుకోండి.

వెలికొండ వాలు మీది పొదల జోలికి మాత్రం పోవద్దు. 1982లో బాష్, హ్యూలెట్ అనే ఇద్దరు పరిశోధకులు 94 పరీవాహక ప్రాంతాల ప్రయోగాలను కలిపి చూశారు. పొదలు పది శాతం తగ్గిస్తే ఏడాదికి సుమారు 10 మి.మీ. పారకం పెరుగుతుందని తేలింది. జామాయిల్, పైన్ లాంటి చెట్లకైతే 40. వాన 450 మి.మీ. దరిదాపుల్లోకి దిగే చోట ఆ కాస్తా దక్కదు. కరువు ఏడు మన పడమటి మెట్టలు ఆ అంచుకే చేరతాయి. దక్కేది మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడిక. పైగా అది రిజర్వు అడవైతే కొమ్మ విరచడమూ నేరమే.

గట్టున తీసేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి కంపను నేలబారున నరికించి వచ్చేశాను. వానలు పడ్డాక చూస్తే ఒక్కో మోడుకు ఏడెనిమిది పిలకలు, ముందున్నదానికన్నా దట్టంగా. మొగ్గలు నేల లోపలి మొదలు గడ్డలో ఉంటాయి. జానెడు లోతు తవ్వి ఆ గడ్డను పెకిలిస్తేనే అది చస్తుంది. బొగ్గుల బట్టీకి కర్ర ఇచ్చేటప్పుడు మోడు కూడా పెకిలించాలని ముందే ఒప్పుకోండి. తవ్విన గుంట పూడ్చి, అదే వారంలో గరిక నాటండి.

వచ్చే పాఠానికి ఏడు రాత్రుల కొలతలు కావాలి. అర్ధరాత్రి, నాలుగు, సాయంత్రం ఆరు. రాత్రి ఒంటరిగా వాగులోకి దిగొద్దు, టార్చి, తోడు ఉండాలి.