విమాన టికెట్ చౌకగా కొనడం, 4వ పాఠం: విడగొట్టమన్నది ప్రయాణికులను, ప్రయాణాన్ని కాదు

ఈసారి సామాను ఛార్జీల లెక్క చెబుతానన్నాను. అది వాయిదా. మూడో పాఠం చివర ‘టికెట్‌ను విడగొట్టి చూడండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను, దేన్ని విడగొట్టాలో చెప్పలేదు. తప్పు నాదే. మీలో చాలామంది ప్రయాణాన్నే రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో టికెట్ కొన్నారు. ఒకరైతే మధ్యలో రెండు గంటల వ్యవధి చాలనుకున్నారు. మొదటి విమానం యాభై నిమిషాలు ఆలస్యం. ఆయన పెట్టె కోసం బెల్టు దగ్గర నిలబడి ఉండగానే రెండో విమానానికి చెక్ ఇన్ మూసేశారు.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండి, ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, మిమ్మల్ని మరో విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థది. వేర్వేరు టికెట్లయితే, రెండో సంస్థ లెక్కలో మీరు సమయానికి రాని మనిషి, అంతే. ఆ టికెట్ మీద తిరుగు ప్రయాణం కూడా ఉంటే సాధారణంగా అదీ రద్దవుతుంది. పెట్టెను మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి. మధ్యలో దిగేది వేరే దేశమైతే దానికోసం ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే వీసా కావలసి రావచ్చు. నేనైతే మధ్యలో ఒక రాత్రి బస ఉంటే తప్ప ఈ పని చేయను, అదీ చేతి సంచితోనే.

ఇక అసలు పాఠం. ఒకే విమానంలో పక్కపక్క సీట్లకు కూడా ఒకే ధర ఉండాలని లేదు. ప్రతి సంస్థా సీట్లను మెట్లుగా అమ్ముతుంది. ఒక్కో మెట్టుకు ఒక అక్షరం, ఒక ధర, కొన్నే సీట్లు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ చౌక పోటీదారును దెబ్బతీసింది ఈ ఎత్తుతోనే: ముందుగా కొనేవారికి కొన్ని సీట్లు చౌకగా ఇచ్చి, మిగిలినవి ఆఖర్లో పరుగెత్తుకొచ్చేవారికి పాత ధరకే అట్టిపెట్టింది.

ఏజెంటు తెరమీద ఇది ఇలా కనిపిస్తుంది: వై9 బి9 ఎం3 కె0. 9 అంటే తొమ్మిది, లేదా అంతకంటే ఎక్కువ. కె అయిపోయింది. ఎంలో మూడే మిగిలాయి. ఎం ధర 100, బి ధర 140 అనుకుందాం. నలుగురికి కలిపి అడిగితే ఎం చాలదు కాబట్టి చాలా సైట్లు నలుగురినీ బి మెట్టు ఎక్కిస్తాయి: 560. ముగ్గురికి విడిగా, ఒకరికి విడిగా కొంటే 300, 140, మొత్తం 440. ముందు ముగ్గురికే కొనాలి సుమా. తొందరపడి ముందు ఒకరికి కొంటే ఎంలో రెండే మిగులుతాయి, తక్కిన ముగ్గురూ బికి పోతారు, మొత్తం 520 అవుతుంది.

పిల్లలను పెద్దల టికెట్‌లోనే ఉంచండి. రెండు పీఎన్‌ఆర్‌లనూ ముడిపెట్టమని సంస్థను అడగండి. ముడిపడినా అవి రెండు బుకింగ్‌లే, విమానం రద్దయితే రెండింటి గురించీ అడగవలసింది మీరే. తేదీలు అటూ ఇటూ జరిపి చూడటం మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. ‘రెండోసారి వెతికితే ధర పెరిగింది, నన్ను గమనిస్తున్నారు, ఇన్‌కాగ్నిటోలో, అంటే బ్రౌజరు పాత గుర్తులు వాడని కిటికీలో, చూస్తే తగ్గింది’ అంటారు. మీ రెండు చూపుల మధ్య ఆ మెట్టు మీది ఆఖరి సీటు ఎవరో డబ్బు కట్టడానికి పట్టి ఉంచారు, ధర పెరిగింది. వారు కట్టకుండా వదిలేశారు, సీటు తిరిగొచ్చింది, ధర తగ్గింది. సరిగ్గా అప్పుడే మీరు ఇన్‌కాగ్నిటో తెరిచారు. లేదా వెతికే సైటు తన దగ్గర దాచుకున్న పాత ధర చూపింది, కట్టే పేజీలో మాత్రం సంస్థను నేరుగా అడిగింది. కుకీలు, అంటే సైట్లు మీ బ్రౌజరులో వదిలే గుర్తులు, తుడిచినంత మాత్రాన ఎంలో నాలుగో సీటు పుట్టదు. నమ్మకపోతే అదే నిమిషంలో ఇంకొకరి ఫోనులో చూడండి. ఏ దేశపు సైటులో కొంటున్నారన్నది మాత్రం కొన్నిసార్లు ధరను నిజంగానే మారుస్తుంది. అది ఆరో పాఠం.

అభ్యాసం: నెల రోజుల తర్వాతి విమానం ఒకటి ఎంచుకోండి. కొనవద్దు. వారం పాటు రోజుకు రెండుసార్లు, ఒకరి నుంచి తొమ్మిది మంది వరకూ వెతికి, తలకు ఎంత పడిందో రాయండి. మొత్తం 126 అంకెలు. ఎక్కువే, తెలుసు. ప్రతి పూటా ధర మొదట దూకిన చోట గీత గీయండి. దానికి ముందున్న సంఖ్యే ఆ మెట్టు మీద మిగిలిన సీట్లు. ఏ పూటైనా సీట్లు తగ్గే బదులు పెరిగితే, ఎందుకు పెరిగాయో ఒక్క వాక్యంలో రాసి పంపండి.