గెలాక్సీ క్లస్టర్ బరువులో నక్షత్రాల వాటా లెక్కకట్టడం ఎలా?

కాంతి ఎంత కనిపిస్తే బరువు అంత ఉంటుందనుకుంటాం. గెలాక్సీ క్లస్టర్ల (గురుత్వంతో కట్టుబడి ఉన్న గెలాక్సీల పెద్ద గుంపుల) విషయంలో అది నిజం కాదు. వాటి బరువులో నక్షత్రాలది కొద్ది శాతమే. ఎక్కువ భాగం డార్క్ మ్యాటర్ (కాంతి ఇవ్వని, గురుత్వం ద్వారానే తెలిసే పదార్థం), ఆ తర్వాత కోట్ల డిగ్రీల వేడి వాయువు. క్లస్టర్ పెద్దదయ్యేకొద్దీ నక్షత్రాల వాటా తగ్గుతుంది కూడా. సర్వే డేటాతో దీన్ని మీరే పరీక్షించవచ్చు.

1. ముందు హద్దు గీయండి. లోపలి సగటు సాంద్రత విశ్వపు కీలక సాంద్రతకు (విశ్వ విస్తరణ వేగాన్ని బట్టి లెక్కగట్టే ప్రామాణిక సాంద్రతకు) 500 రెట్లు ఉండే వ్యాసార్థాన్ని ఎక్కువమంది వాడతారు. బరువునూ నక్షత్రాలనూ ఈ ఒక్క హద్దులోనే కొలవాలి.

2. మొత్తం ద్రవ్యరాశి తేల్చండి. 1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా క్లస్టర్‌లోని గెలాక్సీల వేగాలను బట్టే లెక్కవేశాడు. ఇప్పుడు వేడి వాయువు వెదజల్లే ఎక్స్-రేల కొలతలు, గ్రావిటేషనల్ లెన్సింగ్ (వెనుకనున్న గెలాక్సీల కాంతిని క్లస్టర్ గురుత్వం వంచడం) ఉన్నాయి. ఎక్స్-రే పద్ధతి వాయువు నిలకడగా ఉందని అనుకుంటుంది కాబట్టి బరువు కాస్త తక్కువ చూపిస్తుంది. వీలైతే లెన్సింగ్‌తో సరిచూడండి.

3. నక్షత్రాలను లెక్కించండి. అసలు కష్టం ఇక్కడే. బరువులో ఎక్కువ భాగం చిన్న, పాత నక్షత్రాలది కాబట్టి 2.2 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతి నమ్మదగ్గ ఆధారం. ముందూ వెనుకా ఉన్న వేరే గెలాక్సీలను తీసేయండి. కాంతిని బరువుగా మార్చేటప్పుడు, ఏ సైజు నక్షత్రాలు ఎన్ని పుడతాయన్న ఊహ కీలకం. ఈ ఊహకు వాడే సూత్రాల్లో సాల్పీటర్‌ది తీసుకుంటే చాబ్రియర్ సూత్రం కన్నా జవాబు సుమారు 1.7 రెట్లు పెరుగుతుంది. కాబట్టి వేర్వేరు సూత్రాలతో వచ్చిన అంకెలను ఒకే గ్రాఫ్‌లో కలపకండి.

గెలాక్సీల నుంచి విడిపోయి మధ్య ఖాళీలో తిరుగుతున్న నక్షత్రాలనూ చేర్చండి. ఆ మసక వెలుగును వదిలేస్తే వాటా తక్కువగా వస్తుంది.

4. అడ్డంగా మొత్తం బరువు, నిలువుగా నక్షత్రాల బరువు తీసుకుని, రెండు అక్షాలకూ లాగ్ స్కేల్ (ఒక్కో మెట్టుకు పది రెట్లు) పెట్టి ఒక్కో క్లస్టర్‌కు ఒక్కో చుక్క వేయండి. గీత వాలు సుమారు 0.6 నుంచి 0.8 మధ్య వస్తుంది. అంటే కోటి కోట్ల సూర్యుల బరువు నుంచి పది రెట్లు పైకి వెళ్తే నక్షత్రాల బరువు 4 నుంచి 6 రెట్లే పెరుగుతుంది.

చిన్నవి కలిసే పెద్ద క్లస్టర్లు ఏర్పడ్డాయి కదా, మరి వాటా ఎందుకు తగ్గాలి? నాకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ప్రశ్న ఇదే. అప్పట్లో కలిసిపోయిన చిన్న గుంపులు, నేడు మనం చూసే చిన్న గుంపుల్లాంటివి కావన్నది ఒక వివరణ. వాయువు వాటానూ అదే గ్రాఫ్‌లో గీయండి. అది బరువుతో పాటు పెరుగుతూ, నక్షత్రాలు, వాయువు కలిసిన మొత్తాన్ని, విశ్వంలోని పదార్థమంతటిలో మామూలు పదార్థపు సగటు వాటా అయిన 16 శాతం వైపు తీసుకెళ్తుంది.