రాత పాఠాలు – 3: అరువు మాట దగ్గర ఆగడం

కిందటి పాఠంలో పది నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయమన్నాను కదా, ఆ కాగితం తీయండి. ఇవాళ కొత్తగా ఏమీ రాయం. రాసినదాన్ని అనుమానిస్తాం.

నా కాగితమే చూపిస్తాను. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరద గురించి రాసుకున్నది. “మూడో హెచ్చరిక దాటింది. లంకల్లో జనజీవనం అస్తవ్యస్తమైంది. నా మనసు చలించిపోయింది.”

చదివితే తప్పేం లేదనిపిస్తుంది. కానీ ‘జనజీవనం అస్తవ్యస్తం’ నాది కాదు, పేపర్లోది. అది రాస్తున్నప్పుడు నా కళ్ల ముందు ఏ బొమ్మా లేదు. చెయ్యి మాత్రం గబగబా నడిచిపోయింది. అరువు మాటని పట్టుకోడానికి మీకూ ఇదే గుర్తు. అక్కడ ఆగి, “ఆ రోజు నేనేం చూశాను?” అని మిమ్మల్ని మీరు అడగాలి. నన్ను నేను అడిగితే వచ్చింది ఇదీ: ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద కట్టేసిన గేదె, పక్కనే చెప్పులు చేత్తో పట్టుకుని పడవ కోసం చూస్తున్న ముసలాయన.

అలాగని పేపరు మాటలన్నీ కొట్టేయక్కర్లేదు. ‘మూడో హెచ్చరిక’ కూడా పేపర్లోదే, కానీ దాని వెనక లెక్క ఉంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకొస్తే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గట్టు పక్కన ఉండేవాళ్లకి ఆ మాట వింటేనే టెన్షన్. అది ఉండనిచ్చాను.

ఇక మనసు చలించడం. ఇక్కడే నాకు ఎక్కువసేపు పట్టింది. ఆ రాత్రి నాకొచ్చిన మొదటి ఆలోచన, గట్టు తెగితే మా బియ్యం బస్తాలు అటకెక్కించేదెవరు అని. ముసలాయన మీద జాలి తెల్లారి టీ తాగాక వచ్చింది. మంచివాణ్ణనిపించుకోవాలని ఆ వరస మార్చేశాను! తిరగరాస్తే ఇలా అయింది: “గట్టు మీద గేదెని కట్టేశారు. ముసలాయన పడవ కోసం చూస్తున్నాడు. నేను మా బియ్యం గురించి ఆలోచిస్తున్నాను.” చదివి మా ఆవిడ నవ్వింది, మొదటిదానికి నవ్వలేదు.

ఈ వారం పని: మీ కాగితంలో బొమ్మ కనపడని మాటల కింద గీత గీయండి. మూడు దొరికితే చాలు, వాటిలో ఒక్కదాన్నే తిరగరాయండి. ఎంత ఆలోచించినా గుర్తు రాకపోతే “గుర్తు లేదు” అనే రాయండి, అల్లి నింపకండి. పాత వాక్యం చింపేయొద్దు, నాలుగో పాఠంలో దానితో పనుంది.